టర్మ్ ఫీజు ఒక్కటే చూడకండి: బ్యాంకాక్ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగం మీద బ్యాంకాక్ వచ్చి ఇక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడ్డాను. నా భార్య థాయ్, వాళ్లది ఖోన్ కేన్. ఆన్ నుట్‌లో ఉంటాం. పెద్దపాపకి థాయ్ పౌరసత్వం ఉంది, ఇక్కడి స్కూల్లోనే ఇంగ్లిష్ ప్రోగ్రామ్‌లో మత్తయోమ్ 6, అంటే మన ఇంటర్ సెకండియర్ చదువుతోంది. కంప్యూటర్స్ అంటుంది, ఒక్కోరోజు బిజినెస్ అంటుంది. చులాలాంగ్‌కార్న్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్ టర్మ్‌కి లక్ష బాత్ దగ్గర పడుతుందట. మా వదిన రామ్‌ఖమ్‌హేంగ్‌లో చేర్పించండి, చవకగా అయిపోతుంది అంటోంది. గుంటూరులో మా అన్నయ్య వరంగల్ ఎన్ఐటీకి పంపు, సగం ఖర్చుతో బయటపడతావు అంటాడు. ఆఫీసులో ఒకాయన, ప్రభుత్వం యూనివర్సిటీ ఫీజులో సగం మాఫీ చేస్తుందన్నాడు. చిన్నపాప ఇంకా ఐదో తరగతి. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అసలు ఈ ఫీజులు ఎలా పోల్చాలి? – ఒక తండ్రి, బ్యాంకాక్

సమాధానం: ముందు మీ అన్నయ్య మాట తేల్చేద్దాం, అన్నిటికంటే తేలికగా తేలేది అదే. మీ పాప థాయ్ పౌరురాలు, చదివింది థాయ్‌లాండ్‌లో. ఎన్ఐటీకి వెళ్లాలంటే ఆమెకి ముఖ్యమైన దారి డాసా అనే స్కీమ్, విదేశాల్లో చదివిన పిల్లల కోసం పెట్టింది. అందులో ట్యూషన్ ఫీజు సార్క్ దేశాల బయటివాళ్లకి సెమిస్టర్‌కి 4,000 డాలర్లు. ఎనిమిది సెమిస్టర్లకి 32,000 డాలర్లు, అంటే సుమారు పది లక్షల బాత్ అవుతుంది. హాస్టల్, మెస్, ఏటా విమానం టికెట్లు దీనికి అదనం. పైగా సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఇస్తారు, థాయ్ సిలబస్‌లో చదివిన పిల్ల ఇప్పుడు కూర్చుని జేఈఈకి ప్రిపేర్ కావాలి. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి డాసాలోనే ఫీజు రాయితీ ఉంది, మీ అన్నయ్య ఎవరి నోటనో విన్నది బహుశా అదే, కానీ థాయ్‌లాండ్ ఆ జాబితాలోకి రాదు. ఆంధ్రలో కన్వీనర్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటివి ఆమెకి వర్తించే లెక్కలు కావు. కాబట్టి "ఇండియా అయితే సగం" అన్నది ఇండియాలో పెరిగి చదివిన పిల్లలకి నిజం, మీ పాపకి కాదు. నాన్నమ్మ ఊరికి దగ్గరగా ఉంటుంది, తెలుగు వస్తుంది అనుకుని పంపితే అది వేరే సంగతి, అందుకోసం పంపేవాళ్లని నేను తప్పుపట్టను, కానీ డబ్బు మిగులుతుందని మాత్రం పంపకండి.

ఆఫీసులో ఆయన చెప్పిన సగం మాఫీ 2021 నాటి మాట. కోవిడ్ సమయంలో ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజులో మొదటి 50,000 బాత్‌కి సగం, ఆ పైన లక్ష వరకు 30 శాతం, లక్ష దాటినదానికి 10 శాతం తగ్గించారు. ప్రైవేట్ వాటిలో చదివేవాళ్లకి మనిషికి 5,000 బాత్ ఇచ్చారు. అది కరోనా కష్టానికి ఇచ్చిన సాయం, ఏటా ఉండేది కాదు. దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఇక అసలు విషయం. మీరు చులానా, రామ్‌ఖమ్‌హేంగా, ఎన్ఐటీనా అని యూనివర్సిటీ పేర్లు పెట్టుకుని పోలుస్తున్నారు. థాయ్‌లాండ్‌లో ఫీజుని ముందుగా తేల్చేది యూనివర్సిటీ పేరు కాదండీ, ఆ యూనివర్సిటీలో ఏ ప్రోగ్రామ్‌లో చేరారన్నది. అదే చులాలో థాయ్ మీడియం రెగ్యులర్ కోర్సులో ఈమధ్య చేరినవాళ్లకి టర్మ్ ఫీజు సోషల్ సైన్సెస్ వైపు 21,000 బాత్, సైన్స్, ఇంజినీరింగ్ వైపు 25,500. అది గంపగుత్త ఫీజు, క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకి ఉండే యూనిట్లు) లెక్కపెట్టరు. మీరు విన్న లక్ష దగ్గర అన్నది అదే క్యాంపస్‌లో ఇంగ్లిష్ మీడియం కోర్సుకి. గేటు ఒకటే, లైబ్రరీ ఒకటే, కొన్నిచోట్ల పాఠం చెప్పే ప్రొఫెసర్లూ వాళ్లే, ఫీజు మాత్రం నాలుగింతలు. తెలుగువాళ్లకి ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర కాలేజీ పేరు చెబితే ఫీజు తెలిసిపోతుంది, ఇక్కడ అలా కాదు.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకోటుంది, దాని గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. "ఫాక్ పకతి" అంటే రెగ్యులర్, "ఫాక్ ఫిసెత్" అంటే స్పెషల్ ప్రోగ్రామ్. స్పెషల్ కూడా థాయ్ మీడియమే, పట్టా కూడా అదే, కానీ ఫీజు రెగ్యులర్‌కి దాదాపు రెట్టింపు ఉంటుంది, కొన్నిచోట్ల క్లాసులు సాయంత్రాలూ శని ఆదివారాలూ పెడతారు. కసెత్సాత్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఇవి చాలా ఉన్నాయి. అప్లికేషన్ నింపేటప్పుడు కోర్సు పేరు చివర బ్రాకెట్లో చిన్నగా ఉండే ఆ ఒక్క మాట చూసుకోకుండా టిక్ పెడితే నాలుగేళ్లపాటు రెట్టింపు కడతారు. ఆ బ్రాకెట్ మీ భార్య చేత ఒకసారి, పాప చేత ఒకసారి చదివించండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. చులా ఇంజినీరింగ్ రెగ్యులర్: 25,500 చొప్పున ఎనిమిది టర్మ్‌లకి 2,04,000 బాత్. బాత్‌కి రెండున్నర రూపాయలే వేసుకున్నా ఐదు లక్షల పైచిలుకు. ఇంటర్నేషనల్: మీరు చెప్పిన లక్ష చొప్పున 8 లక్షల బాత్, అదే లెక్కన ఇరవై లక్షల రూపాయలు. తేడా దాదాపు ఆరు లక్షల బాత్. ఈ ఆరు లక్షలు పెట్టి మీరు కొంటున్నది ఏమిటి అని అడగాలి. ఎక్కువమంది థాయ్ తల్లిదండ్రులు ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్‌కి డబ్బు పోసేది ఇంగ్లిష్ కోసం. వాళ్ల పిల్లలకి ఇంట్లో ఇంగ్లిష్ ఉండదు, ఉద్యోగంలో అది జీతాన్ని పెంచుతుంది, అందుకని కడతారు, అందులో న్యాయం ఉంది. మీ ఇంట్లో తండ్రి తెలుగువాడు, తల్లి థాయ్, అంటే మీరిద్దరూ మాట్లాడుకునేది చాలావరకు ఇంగ్లిష్‌లోనే అయ్యుండాలి, స్కూల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో చదువుతోంది. ఆమెకి ఇప్పటికే ఉన్నదాన్ని ఆరు లక్షలకి మళ్లీ కొనడం నాకైతే అర్థం కాదు. థాయ్‌లో చదవడం, రాయడం బాగా వచ్చి ఇంగ్లిష్ కూడా వచ్చిన ఇంజినీరుకి బ్యాంకాక్‌లో ఉన్న గిరాకీ వేరు. థాయ్ మీడియం సీటే మీ పాపకి దొరికే అతిపెద్ద స్కాలర్‌షిప్, దానికి ఎవరికీ అప్లికేషన్ పెట్టనక్కర్లేదు, పరీక్ష రాయాలంతే.

అయితే పరీక్ష రాయగలదా అన్నది మీరు నిజాయితీగా చూసుకోవాలి. ఇంగ్లిష్ ప్రోగ్రామ్ పిల్లలు మాట్లాడటంలో ఎక్కడా తడబడరు కానీ ఫిజిక్స్ ప్రశ్న థాయ్‌లో చదవమంటే కొందరు ఆగిపోతారు, పదజాలం తెలియక. రేపే ప్రవేశ పరీక్షల పాత ప్రశ్నపత్రాలు తెప్పించి, టైమ్ పెట్టి, లెక్కలు, ఫిజిక్స్ రెండూ రాయించండి. ఇబ్బంది పదాల దగ్గరే అయితే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పుస్తకాలు ఎలాగూ చాలావరకు ఇంగ్లిష్‌వే. థాయ్ పేరాగ్రాఫ్ చదవాలంటేనే భయపడుతుంటే మాత్రం అప్పుడు ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్ వైపు చూడటంలో తప్పు లేదు, బిడ్డని నాలుగేళ్లు ఏడిపించి డబ్బు మిగుల్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు చెప్తాను. ఇక్కడి అడ్మిషన్ల పద్ధతి పేరు టీకాస్, 2018 నుంచి నడుస్తోంది. నాలుగు రౌండ్లు. మొదటిది పోర్ట్‌ఫోలియో, రెండోది కోటా, మూడోది పరీక్షల మార్కుల మీద అడ్మిషన్, నాలుగోది మిగిలిన సీట్లకి డైరెక్ట్. టీజీఏటీ (అందరికీ ఉండే ఆప్టిట్యూడ్ పరీక్ష), ఇంజినీరింగ్ లాంటి కోర్సులకి రాసే టీపీఏటీ డిసెంబర్‌లో, సబ్జెక్టుల పరీక్షలైన ఏ-లెవెల్ మార్చిలో, మూడో రౌండ్ ఎంపిక మేలో జరుగుతాయి. ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్‌లు చాలావరకు సీట్లు మొదటి రౌండ్లోనే, మూడో రౌండ్‌కి నెలల ముందే నింపేస్తాయి. అంటే ఏం జరుగుతుందో చూడండి: లక్ష బాత్ సీటు ముందు వస్తుంది, పాతిక వేల సీటు వస్తుందో రాదో మే దాకా తెలియదు. "సీటొచ్చింది, ఫలానా తేదీలోగా కన్ఫర్మ్ చేయండి" అని మెసేజ్ రాగానే ఇంట్లో అందరికీ గుండె దడ, పోతే మళ్లీ వస్తుందో రాదో అని. కన్ఫర్మ్ చేస్తే మూడో రౌండ్‌లో హక్కు పోతుంది, గడువులోగా ఆ సీటు వదులుకుంటే తప్ప. ఆ వదులుకోవడం కూడా ఒక్కసారే కుదురుతుంది. యూనివర్సిటీకి కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా అన్నది ఆ యూనివర్సిటీ ఇష్టం, మామూలుగా రాదు. ఖరీదైన సీటు అమ్ముడుపోయేది చాలాసార్లు దాని గొప్పతనం వల్ల కాదు, అది క్యాలెండర్‌లో ముందు రావడం వల్ల.

అందుకే ఇప్పుడే, ఏ మెసేజూ రాకముందే, మీరు ముగ్గురూ కూర్చుని నిర్ణయం రాసిపెట్టుకోండి. మాక్ పరీక్షల్లో ఇన్ని మార్కులు దాటితే మొదటి రౌండ్ సీటు వచ్చినా వదిలేస్తాం, దాటకపోతే తీసుకుంటాం అని. మూడో రౌండ్‌లో పది ప్రోగ్రామ్‌ల వరకు వరుసగా పెట్టుకోవచ్చు. పై వరుసలో అందుతాయో లేదో అనిపించేవి, మధ్యలో వచ్చే అవకాశం ఉన్నవి, చివర ఖాయంగా వచ్చేవి పెడితే సీటు లేకుండా మిగిలిపోయే ప్రమాదం చాలా తక్కువ. చివరి రెండు మూడు స్థానాల్లో స్పెషల్ ప్రోగ్రామ్‌లు పెట్టండి, రెట్టింపు కట్టినా ఇంటర్నేషనల్ కంటే చవకే.

కాగితం మీద పోల్చేటప్పుడు టర్మ్ ఫీజుని పక్కపక్కన పెట్టకండి, పట్టా చేతికొచ్చేదాకా అయ్యే మొత్తం పెట్టండి. మహిడోల్ ఇంటర్నేషనల్ కాలేజీలో ఏడాదికి మూడు టర్మ్‌లు, మరోచోట రెండే, కాబట్టి "మహిడోల్ టర్మ్ ఫీజు తక్కువండీ" అన్న మాటకి అర్థం లేదు. కొన్నిచోట్ల గంపగుత్త, కొన్నిచోట్ల క్రెడిట్ లెక్క, ప్రైవేట్ వాటిలో ఎక్కువగా క్రెడిట్ లెక్కే, అక్కడ ఒక సబ్జెక్ట్ తప్పితే మళ్లీ కట్టాలి. చేరేటప్పుడు ఒక్కసారి కట్టేవి, ల్యాబ్ ఫీజు, వేసవి టర్మ్, ఇన్సూరెన్స్ విడిగా ఉన్నాయేమో అడగండి. యూనిఫాం కూడా ఉంటుంది, డిగ్రీకి యూనిఫాం ఏమిటని మీ అన్నయ్య నవ్వుతాడేమో కానీ తెల్ల చొక్కా, నల్ల స్కర్టు, యూనివర్సిటీ గుర్తున్న బొత్తాలు, బెల్టు ఇక్కడ మామూలే, ఖర్చు పెద్దదేమీ కాదు.

పెద్ద ఖర్చు గది అద్దె. మీరు ఆన్ నుట్‌లో ఉండటం మీకు తెలియకుండానే మీకున్న లాభం. అక్కడ బీటీఎస్ రైలు ఎక్కితే అదే లైన్లో సియామ్, చులాకి ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. అదే లైన్లో ఇంకా ముందుకెళ్తే కసెత్సాత్ పేరుతోనే స్టేషన్ ఉంది, 2019 చివర్లో తెరిచారు. థమ్మసాత్ యూనివర్సిటీ మంచిదే, ఫీజూ తక్కువే, కానీ ఇంజినీరింగ్ ఉండేది పథుమ్ థానీలోని రంగ్‌సిత్ క్యాంపస్‌లో, అక్కడ హాస్టల్ తప్పదు. మహిడోల్ యూనివర్సిటీ సాలాయా క్యాంపస్ అయితే ఊరికి అవతలి కొస. కింగ్ మోంగ్‌కుట్ పేరుతో ఉన్న మూడు టెక్నాలజీ యూనివర్సిటీలని మర్చిపోకండి, కంప్యూటర్స్‌కి అవి చాలా మంచివి, రెగ్యులర్ కోర్సుల ఫీజు చులా దరిదాపుల్లోనే ఉంటుంది. వాటిలో బాంగ్ మోద్‌లో ఉన్నదానికి మీ వైపు నుంచి రోజూ వెళ్లిరావడం నరకం, గది తీసుకోవాల్సిందే. ఇంకో మాట, థమ్మసాత్ రంగ్‌సిత్ వేరు, రంగ్‌సిత్ యూనివర్సిటీ వేరు. రెండోది ప్రైవేట్, దాని ఫీజులు వేరే లోకం. బంధువులు "రంగ్‌సిత్‌లో చేరింది" అంటే ఏ రంగ్‌సిత్ అని అడగండి.

ఖోన్ కేన్ యూనివర్సిటీ గురించి మీరు అడగలేదు కానీ మీ అత్తగారింట్లో ఉంచి చదివిస్తే అన్న ఆలోచన మీ భార్యకి వచ్చే ఉంటుంది. మంచి ఆలోచనే, 1964 నుంచి ఉన్న యూనివర్సిటీ, ఇసాన్ (ఈశాన్య ప్రాంతం) మొత్తానికి పెద్దది, అద్దె ఉండదు. కాకపోతే రెండో రౌండ్ కోటాని నమ్ముకోకండి. ఆ కోటా ఈశాన్య ప్రాంతపు స్కూళ్లలో చదివిన పిల్లలకి, తల్లి అక్కడి మనిషైతే సరిపోదు. మీ పాప బ్యాంకాక్‌లో చదివింది కాబట్టి మూడో రౌండ్‌లోనే పోటీపడాలి.

మీ వదిన మాటని మాత్రం తేలిగ్గా తీసేయకండి. రామ్‌ఖమ్‌హేంగ్ 1971లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ, ప్రవేశ పరీక్ష లేదు, థాయ్ మీడియంలో క్రెడిట్ ఫీజు పదుల బాత్‌లలోనే. లా, పొలిటికల్ సైన్స్ చదివి అక్కడి నుంచి పైకొచ్చినవాళ్లు కోర్టుల్లో, ప్రభుత్వంలో ఎంతోమంది. చేరడం సులభం, హాజరు అడగరు, కానీ పరీక్షలు పాస్ కావడం మాత్రం సొంతంగా చదువుకునే అలవాటు ఉన్నవాళ్ల పని, మధ్యలో వదిలేసేవాళ్లు బోలెడంత మంది. పద్దెనిమిదేళ్ల పిల్లని కంప్యూటర్స్ కోసం అక్కడ వేయమని నేను చెప్పను. బిజినెస్ మీదే మనసుంటే, ఇంకో డిగ్రీ చదువుతూ పక్కన రెండో డిగ్రీగా పెట్టుకోవడానికి అంతకంటే చవకైనది దొరకదు, ఇక్కడి పిల్లలు చాలామంది అలాగే చేస్తారు.

ప్రైవేట్ యూనివర్సిటీల సంగతి రెండు మాటల్లో. థాయ్ మీడియంలో కూడా ప్రభుత్వ రెగ్యులర్ కోర్సుకి రెండు మూడింతలు అవుతుంది. అసంప్షన్ యూనివర్సిటీ ఇంగ్లిష్ మీడియం, మన భారతీయ కుటుంబాల పిల్లలు అక్కడ బాగానే కనబడతారు, చెడ్డదేమీ కాదు. అయితే థాయ్‌లాండ్‌లో పిల్లలు పుట్టడం బాగా తగ్గిపోయింది, 2024లో ఐదు లక్షల లోపే పుట్టారు, యూనివర్సిటీలకి సీట్లు మిగిలిపోతున్నాయి. అందుకని ప్రైవేట్ వాటిలో స్కాలర్‌షిప్ పేరుతో తగ్గింపు అడగడానికి సిగ్గుపడకండి. ఎంత తగ్గిస్తారన్నదే కాదు, రెండో ఏడాది కూడా ఆ తగ్గింపు ఉంటుందా, ఎంత జీపీఏ తెస్తే ఉంటుంది అన్నది కాగితం మీద రాయించుకోండి.

అప్పు విషయం. కొ-యొ-సొ అని ఇక్కడ పొట్టిగా పిలిచే విద్యార్థి రుణ నిధి ఉంది. వడ్డీ ఏడాదికి ఒక్క శాతం, చదువయ్యాక రెండేళ్లు ఆగి, ఆ తర్వాత పదిహేనేళ్లలో తీర్చాలి. 2023లో చట్టం మార్చి హామీదారు అక్కర్లేదన్నారు, ఆలస్యానికి వేసే జరిమానాని కూడా ఏడాదికి అర శాతానికి దించారు. పేద కుటుంబాల కోవలో తీసుకోవాలంటే ఇంటి ఆదాయం ఏడాదికి 3,60,000 బాత్ దాటకూడదు, మీరిద్దరూ సంపాదిస్తుంటే అది దాటే ఉంటుంది. కానీ దేశానికి కావాల్సిన కోర్సులు అని ప్రభుత్వం గుర్తించిన వాటికి ఆ పరిమితి దాటినా ట్యూషన్ వరకు ఇస్తారు, ఇంజినీరింగ్, కంప్యూటర్ కోర్సుల్లో చాలావరకు ఆ కోవలోవే. పాప చేరబోయే కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో యూనివర్సిటీ స్టూడెంట్ ఆఫీసులో అడిగితే చెప్తారు. చేతిలో డబ్బున్నా ఒక్క శాతానికి దొరికే అప్పు తీసుకోవడం తెలివైన పనే, తీర్చాల్సింది పాప పేరు మీద అని మాత్రం ఆమెకి ముందే చెప్పండి, ఉద్యోగం వచ్చాక జీతంలోంచే కోసుకుంటారు.

చిన్నపాప ఐదో తరగతి అన్నారు, అంటే అక్క పట్టా తీసుకున్న మూడేళ్లకి ఆమె వంతు వస్తుంది. ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్‌కి పెద్దదాని మీద ఎనిమిది లక్షలు ఖర్చుపెడితే చిన్నదానికీ అంతే పెట్టాలి, లేకపోతే ఇంట్లో జీవితాంతం ఆ మాట పడాల్సి వస్తుంది. కాబట్టి మీ దగ్గరున్న డబ్బుని రెండుతో భాగించి, ఆ సగంతో ఏమవుతుందో చూసి మాట్లాడండి.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది పరీక్షల రిజిస్ట్రేషన్ తేదీలు చూసుకోవడం, థాయ్ ప్రశ్నపత్రం ముందు పాపని కూర్చోబెట్టడం. కంప్యూటర్సా బిజినెస్సా అన్నది తేలకపోయినా పర్వాలేదు, రెండింటికీ లెక్కలు కావాలి, ముందు ఆ పేపర్‌తోనే మొదలుపెట్టించండి.